రేంజ్‌లో బాగానే కొడతాను, కోర్సులోకి దిగాక ఏమవుతోంది? గోల్ఫ్‌లో మనసు సంగతి

తొలి_టీ

అందరికీ నమస్కారం. నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తగ్గే కొద్దీ మేలు) 16 దగ్గర ఆగిపోయి చాలా కాలమైంది. ప్రాక్టీసు చేసే రేంజ్‌లో సెవెన్ ఐరన్ క్లబ్ పట్టుకుంటే బంతులు దాదాపుగా అనుకున్న వైపే వెళ్తాయి. అదే ఐరన్‌ను ఎడమ పక్కన నీళ్లున్న పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) మీద తీస్తే చేతులు బిగుసుకుపోతాయి. బంతి నీళ్లలోనైనా పడుతుంది, లేదా నీళ్లకు భయపడి కుడి వైపు ఇసుక బంకర్లోకైనా పోతుంది.

ఒక హోల్‌లో డబుల్ బోగీ (పార్ కన్నా రెండు దెబ్బలు ఎక్కువ) పడిందంటే తర్వాతి రెండు మూడు హోల్స్ కూడా దాని వెంటే కొట్టుకుపోతాయి. మొదటి తొమ్మిది బాగా ఆడితే మరో రకం టెన్షన్. ఇలాగే ఆడితే ఈ రోజు 85 లోపు వచ్చేస్తుందని మనసులో లెక్కలు మొదలవుతాయి. ఆ తర్వాత ఆట నా చేతిలో ఉండదు.

స్వింగ్ సంగతి కోచ్ చూసుకుంటున్నారు. నేను అడిగేది మనసు గురించి. ప్రశాంతంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు అని చాలామంది చెప్పారు, కానీ బంతి ముందు నిలబడ్డాక అవి ఎలా చేయాలో తెలియడం లేదు. కొట్టే ముందు ఏం చేయాలి, కొట్టాక ఏం చేయాలి, ఇలా చేతలుగా చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.

---

పాత_ఐరన్

తొలి_టీ గారూ, బంతి దగ్గరకు వెళ్లే ముందే ఒకటి సరిచేసుకోవాలి. మీరు మీ నుంచి ఎంత ఆశిస్తున్నారు? మనలో చాలామందికి ఒత్తిడి అక్కడే పుడుతుంది.

పీజీఏ టూర్ ఆటగాళ్ల సంగతే చూడండి. మూడడుగుల పుట్ (గ్రీన్ అనే పొట్టి గడ్డి మీద బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) నూటికి 96 దాకా వేస్తారు. ఐదడుగులకు వచ్చేసరికి నాలుగింట మూడు. ఎనిమిది అడుగుల దగ్గర సగానికి సగం. పదడుగులైతే నూటికి 40, ఇరవై అడుగులైతే 15. ప్రపంచంలో ఇంతకన్నా బాగా పుట్ చేసేవాళ్లు లేరు, ఎనిమిది అడుగుల నుంచి రెండింట ఒకటి వాళ్లకూ తప్పుతుంది. మనం మాత్రం ఆరడుగుల పుట్ పోతే తల పట్టుకుంటాం. గ్రీన్ల విషయమూ అంతే. రెగ్యులేషన్‌లో, అంటే పార్‌కు రెండు పుట్‌లు మిగిలేలా, వాళ్లు అందుకునేది 18 గ్రీన్లలో సగటున 12 లోపే.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో మీ ఇండెక్స్ లెక్కగట్టేది చివరి 20 రౌండ్లలోని ఉత్తమమైన 8 నుంచి. అంటే 16 అన్నది మీ సగటు ఆట కాదు, మీ మంచి రోజుల సగటు. మామూలు రోజున అంతకన్నా రెండు మూడు స్ట్రోకులు ఎక్కువే పడతాయి, అది సహజం. ప్రతి రౌండులో హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడాలనుకుంటే నాలుగింట మూడు సార్లు నిరాశతోనే ఇంటికి వెళ్తారు. ఆ నిరాశను వెంటపెట్టుకునే మళ్లీ మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీదకు వస్తారు.

రేంజ్ లెక్క వేరు. అక్కడ నేల చదును, క్లబ్ అదే, గురి అదే. మొదటి బంతి చెడితే రెండోది సిద్ధంగా ఉంటుంది. కోర్సులో సెవెన్ ఐరన్ ఒక్కసారే కొడతారు, దానికి ముందు పది నిమిషాలు నడిచి వచ్చి ఉంటారు.

---

ఇసుకగుంట

పాత_ఐరన్ గారితో ఏకీభవిస్తాను. నాది ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. గోల్ఫ్‌లో మనసు మీద వేసే నిందల్లో సగం మనసుకు చెందవు.

ఎడమ పక్కన నీళ్లున్న ఆ పార్ 3 నే తీసుకుందాం. జెండా గ్రీన్‌కు ఎడమ అంచున ఉందనుకోండి. మీరు గురి పెట్టింది జెండాకా? 16 హ్యాండిక్యాప్ ఆటగాడి సెవెన్ ఐరన్ బంతులు రేంజ్‌లో ఎంత వెడల్పున పడతాయో ఒకసారి నిజాయితీగా చూడండి. మంచివాటిని మాత్రమే లెక్కేసుకోవద్దు, అన్నీ చూడండి. అటూ ఇటూ కలిపి నలభై గజాలు దాటినా ఆశ్చర్యపోకండి. అంత వెడల్పున్న ఆటను తెచ్చి నీటి గట్టుకు ఐదు గజాల్లో ఉన్న జెండాకు గురిపెడితే, చేతులు బిగుసుకోవడం మనసు బలహీనత కాదు. మీ లోపల ఎవరో లెక్క సరిగ్గానే వేసి హెచ్చరిస్తున్నారు.

గ్రీన్ మధ్యకు, ఇంకా చెప్పాలంటే మధ్యకు కాస్త కుడికి గురి పెట్టండి. మీ ఎడమ పక్క తప్పు కూడా గడ్డి మీదే ఆగేలా గురి ఉండాలి. అప్పుడు స్వింగ్ ఎంత తేలికగా వస్తుందో చూడండి. ధైర్యం చాలడం లేదనుకున్న చోట నిజానికి కావలసింది సరైన గురి.

క్లబ్ ఎంపికలోనూ ఇదే గొడవ. ఎప్పుడో ఒకసారి గాలి తోడై సెవెన్ ఐరన్ 160 గజాలు పోయింది కాబట్టి నా సెవెన్ ఐరన్ 160 అని ఖాయం చేసుకుంటాం. మామూలుగా అది 145 పోతుంది. 155 గజాల షాట్‌కు అదే తీసి, లోపల అనుమానం పెట్టుకుని, బలం కోసం లాగి కొడతాం. ఒక క్లబ్ పెద్దది తీసుకుంటే ఆ అనుమానమే ఉండదు.

---

నిదానం

ఇసుకగుంట గారి మాట నచ్చకపోవడమేమీ లేదు. గురి సరిగ్గా ఎంచుకోవడం మానసిక ఆటలో మొదటి మెట్టే అంటాను. ఆ ఎంపిక ఎక్కడ ముగించాలి, కొట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి అన్న దగ్గరే మనం గందరగోళ పడతాం. నేను చెప్పదలచుకున్నది దాని గురించి.

అనికా సోరెన్‌స్టామ్ కోచ్ పియా నీల్సన్, ఆమె సహచరి లిన్ మారియట్ కలిసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. బంతి వెనక ఒక గీత ఉందనుకోవాలి. గీతకు వెనక ఉన్నది ఆలోచించే చోటు. ముందున్నది ఆడే చోటు. అనికా 2001 లో 59 కొట్టారు, ఎల్‌పీజీఏ పోటీల్లో ఆ స్కోరు కొట్టిన మొదటి మహిళ ఆవిడే. ప్రతి షాట్‌కూ ఒకే తీరులో, ఒకే వేగంతో బంతి దగ్గరకు వెళ్లడం ఆవిడ ఆటలో స్పష్టంగా కనిపించేది.

ఆచరణలో ఇలా ఉంటుంది. గీతకు వెనక నిలబడి అన్నీ చూసుకోండి: బంతి ఎలా కూర్చుంది, గాలి ఎటు, ఎన్ని గజాలు, ఎక్కడ తప్పినా ఫరవాలేదు, ఎక్కడ తప్పకూడదు. క్లబ్ తీయండి. దూరాన ఒక చిన్న వస్తువును గురిగా పెట్టుకోండి. చెట్టు కాదు, ఆ చెట్టులో ఒక కొమ్మ. బంతి ఆ వైపు ఎలా ఎగిరి వెళ్తుందో, ఎక్కడ దిగుతుందో ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. జాక్ నిక్లాస్ ప్రాక్టీసులో కూడా ఇది చేయకుండా కొట్టేవారు కాదు. ముందు బంతి చివరికి ఆగిన చోటును, తర్వాత అక్కడికి వెళ్లే దారిని, ఆ తర్వాత ఆ దారికి తగిన స్వింగ్‌ను ఊహించుకునేవారు. జేసన్ డే అయితే బంతి వెనక కళ్లు మూసుకుని నిలబడటం టీవీలో మీరు చూసే ఉంటారు.

ఇక గీత దాటండి. దాటాక నిర్ణయాలుండవు. నిలబడాలి, గురి వైపు ఒకసారి చూడాలి, కొట్టాలి. గీత దాటాక "సిక్స్ ఐరన్ అయితే బాగుండేదేమో" అనిపించిందా, వెనక్కి వచ్చేయండి. సిగ్గుపడక్కర్లేదు. అనుమానంతో కొట్టిన సరైన క్లబ్ కన్నా నమ్మకంతో కొట్టిన తప్పు క్లబ్బే నయమని నా అభిప్రాయం.

ఇదంతా చేస్తే ఆట నెమ్మదిస్తుందని కొందరి భయం. అలా జరగకూడదు. 2019 లో వచ్చిన నియమాల ప్రకారం వంతు వచ్చాక 40 సెకన్లలోపు కొట్టాలన్నది సూచన, వీలైతే అంతకన్నా త్వరగా. ఆలోచన అంతా మీ వంతు రాకముందే, నడుస్తూనే చేసుకోవచ్చు. గీత దాటాక ఎనిమిది పది సెకన్లు చాలు. బంతి మీద నిలబడే కొద్దీ కండరాలు బిగుసుకుంటాయి.

---

కొత్తగడ్డి

నిదానం గారూ, కొట్టేటప్పుడు దేని గురించి ఆలోచించాలి? నాకు మోచేయి, మణికట్టు, తుంటి అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

---

వెన్నెల_18

కొత్తగడ్డి గారూ, దీనికి పరిశోధనల్లో మంచి జవాబులే దొరికాయి. గాబ్రియెల్ వుల్ఫ్ బృందం 1999 లో పిచ్ షాట్ల (గ్రీన్ మీదకు ఎత్తుగా వేసే పొట్టి షాట్లు) మీద ఒక ప్రయోగం చేసింది. కొందరిని చేతుల కదలిక మీద దృష్టి పెట్టమన్నారు, కొందరిని క్లబ్ కదలిక మీద. క్లబ్ మీద దృష్టి పెట్టినవాళ్ల గురి మెరుగ్గా ఉంది. శరీరాన్ని వదిలి బయట ఉన్నదాని మీద, అంటే క్లబ్ తల మీదో బంతి పడాల్సిన చోటు మీదో మనసు పెడితే శరీరం తన పని తాను చేసుకుంటుంది.

సియన్ బైలాక్ బృందం చూసినది ఇంకా ఆసక్తికరం. అనుభవం ఉన్న ఆటగాళ్లను తమ పుట్టింగ్ కదలికను గమనించుకుంటూ కొట్టమంటే గురి తగ్గింది. దృష్టిని వేరే పని మీదకు మళ్లించినప్పుడు బాగా కొట్టారు. కొత్తవాళ్ల విషయంలో దీనికి పూర్తిగా తిరగబడింది. అంటే మీరు నిజంగా కొత్తగా నేర్చుకుంటూ ఉంటే మోచేయి గుర్తుండటం తప్పేమీ కాదు, రేంజ్‌లో దాని మీద పని చేయండి. అలవాటైపోయిన కదలికను పోటీ మధ్యలో విప్పి చూసుకుంటేనే చెడుతుంది. ఒత్తిడిలో మనం చేసేది సరిగ్గా అదే.

ఇక మూడడుగుల పుట్ సంగతి చెప్పాలని ఉంది. ఎందుకంటే మనసు ఏం చేస్తుందో అక్కడ కంటికి కనిపిస్తుంది. దగ్గరగా గమనించండి. పార్ కోసం మూడడుగులు మిగిలింది. పట్టు తెలియకుండానే గట్టిపడుతుంది, ముంజేతి నరాలు తేలతాయి. పుట్టర్ వెనక్కి చిన్నగా వెళ్తుంది, ముందుకు వచ్చేటప్పుడు బంతి దగ్గర వేగం తగ్గుతుంది. బంతికి తగలడానికి సెకనులో చిన్న ముక్క ముందే కళ్లు హోల్ వైపు పరుగెత్తుతాయి. కళ్లతోపాటు తల, తలతోపాటు భుజం తెరుచుకుంటుంది. బంతి కుడి అంచు తాకి బయటికొస్తుంది. పడుతుందో లేదో చూడాలన్న ఆత్రమే దాన్ని పడనివ్వలేదు.

కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1992 లో గోల్ఫర్ల చూపు ఎక్కడెక్కడ ఆగుతుందో నమోదు చేశారు. బాగా పుట్ చేసేవాళ్ల చూపు అటూ ఇటూ తిరగదు. కొట్టే ముందు బంతి మీద రెండు మూడు సెకన్లు నిలకడగా ఆగుతుంది, బంతి వెళ్లిపోయాక కూడా అది ఉన్న చోటనే కాసేపు ఉండిపోతుంది. చేయాల్సిన పని ఇంతే: బంతి వెనక భాగంలో ఒక చుక్క ఎంచుకుని దాన్నే చూడండి, కొట్టాక అది ఉన్న చోట గడ్డిని చూడండి. పుట్ పడిందా లేదా అన్నది చెవులకు వదిలేయండి. మూడడుగులకు ఇది చాలా బాగా పని చేస్తుంది.

---

గాలివాటం

డబుల్ బోగీ తర్వాత ఏం చేయాలన్నది ఎవరూ ముట్టుకోలేదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం అదే.

కోపం రాకూడదని ఎవరైనా చెబితే నమ్మకండి. టైగర్ వుడ్స్ పాటించిన పద్ధతి పది గజాలది. చెత్త షాట్ కొట్టాక పది గజాలు నడిచేదాకా కోపం పడొచ్చు. ఆ గీత దాటాక అది అయిపోయినట్టే. కోపాన్ని అణిచేయకుండా దానికో హద్దు గీయడంలోనే దీని బలముంది. నేను దీనికి చేతి తొడుగును వాడతాను. షాట్ అయ్యాక తొడుగు విప్పుతాను, విప్పేదాకా ఆ షాట్ గురించి ఏమైనా అనుకోవచ్చు. తొడుగు జేబులోకి వెళ్లాక దాని సంగతి ముగిసింది.

బాబీ జోన్స్ కథ తెలుసు కదా. 1921 లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ మూడో రౌండులో ఆట చెడి, పదకొండో హోల్ దగ్గర బంతి ఎత్తుకుని తప్పుకున్నారు. 19 ఏళ్ల వయసు, విపరీతమైన కోపం. అదే కోర్సులో 1927 లో ఓపెన్ గెలిచారు. 1930 లో అప్పటి నాలుగు పెద్ద టైటిళ్లనూ ఒకే ఏడాది గెలిచారు. కోపిష్ఠి కుర్రాడు ఓర్చుకోవడం నేర్చుకున్నాడు, అదీ వయసొచ్చి పట్టుబట్టి నేర్చుకున్నాడు.

ఇక రోరీ మెకిల్‌రాయ్. 2011 మాస్టర్స్ చివరి రోజు నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో బయల్దేరి 80 కొట్టారు. పదో హోల్‌లో ట్రిపుల్ బోగీతో మొదలైన పతనం అది. రెండు నెలలు తిరిగేసరికి యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచారు. కానీ మాస్టర్స్ మాత్రం చిక్కలేదు. 2024 యూఎస్ ఓపెన్‌లో చివరి మూడు హోల్స్‌లో రెండు పొట్టి పుట్‌లు పోయి టైటిల్ చేజారింది. 2025 మాస్టర్స్ చివరి రోజు మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ. పదమూడో హోల్‌లో వెడ్జ్‌తో కొట్టిన బంతి వాగులో పడింది, మళ్లీ డబుల్ బోగీ. తర్వాత పదిహేనో హోల్‌లో చెట్ల చుట్టూ తిప్పి సెవెన్ ఐరన్‌తో జెండా పక్కకు తెచ్చారు. పద్దెనిమిదిలో ఐదడుగుల పుట్ వేస్తే గెలుపు, అదీ పోయింది. స్కోరు సమమై జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్.

ఆ ప్లేఆఫ్‌కు వెళ్తున్నప్పుడు ఆయన బ్యాగు మోసే క్యాడీ హ్యారీ డైమండ్ ఏమన్నారో రోరీయే తర్వాత చెప్పారు. ఇలాంటి అవకాశం సోమవారం పొద్దున ఎవరైనా ఇస్తామంటే మనం తీసుకునేవాళ్లమే కదా అన్నారట. ఎంత గొప్ప మాటో చూడండి. పోగొట్టుకున్న పుట్ మీదున్న మనసును, చేతిలో ఉన్న అవకాశం మీదకు ఒక్క వాక్యంతో తిప్పేశారు. మళ్లీ అదే పద్దెనిమిదో హోల్ ఆడి, బర్డీతో (పార్ కన్నా ఒక దెబ్బ తక్కువతో) గెలిచారు. మేజర్లనే నాలుగు పెద్ద పోటీలనూ గెలిచిన ఆరో ఆటగాడయ్యారు. ఆ రోజు ఆయన తప్పులు చేయకుండా గెలవలేదు. ఒక్కో తప్పును దాని చోటే వదిలేసి వచ్చి గెలిచారు.

---

తొలి_టీ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పాత_ఐరన్ గారు చెప్పిన 20 లో 8 సంగతి నాకు నిజంగా తెలియదు, మనసు తేలికపడింది. ఇసుకగుంట గారూ, నేను జెండాకే గురిపెడుతున్నాను, ప్రతిసారీ.

ఇంకో సందేహం మిగిలింది. ఆట బాగా సాగుతున్నప్పుడు వచ్చే లెక్కల సంగతి? చెడ్డ షాట్ తర్వాత తొడుగు విప్పొచ్చు. మంచి స్కోరు మోస్తున్నప్పుడు ఏం విప్పాలి?

---

నిదానం

మంచి స్కోరు మోయడమే కష్టమని పెద్ద పెద్ద ఆటగాళ్ల విషయంలోనూ రుజువైంది. గ్రెగ్ నార్మన్ 1996 మాస్టర్స్ చివరి రోజు ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో మొదలుపెట్టి 78 కొట్టారు. నిక్ ఫాల్డో 67 కొట్టి ఐదు స్ట్రోకుల తేడాతో గెలిచారు. ఫాల్డో ఆ రోజు అద్భుతమేమీ చేయనట్టే కనిపిస్తారు, ఒక్కో షాట్ ఆడుకుంటూ పోయారు అంతే.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్కోర్‌కార్డులో అంకె వేయండి, కానీ కూడవద్దు. అందరూ ఫోన్లో స్కోరు పెట్టుకుంటున్నారు కాబట్టి మొత్తం దానంతటదే కనిపిస్తుంది. వీలైతే ఆ పని తోటి ఆటగాడికి అప్పగించండి. 18 హోల్స్‌ను మూడేసి చొప్పున ఆరు చిన్న ఆటలుగా విడగొట్టుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. మూడు హోల్స్ అయ్యాక అది ముగిసింది, కొత్తది మొదలైంది. ఆధిక్యం, లోటు ఏవీ వెంటరావు.

అయినా లెక్క వస్తుంది. వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టవద్దు. "లెక్క వచ్చింది" అని గుర్తించి, తర్వాతి షాట్‌కు గాలి ఎటుందో చూడండి. రాకుండా చేయాలని చూసే కొద్దీ అది బలపడుతుంది. షాట్ల మధ్య నడిచే సమయమే రౌండులో ఎక్కువ. ఆ సేపంతా ఏకాగ్రత పట్టి ఉంచడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. చెట్లు చూడండి, పక్కవారితో మాట్లాడండి. బంతికి యాభై గజాల దూరంలోకి వచ్చాక మళ్లీ ఆటలోకి రండి.

---

ఇసుకగుంట

దీనికి ఒక్కటి కలుపుతాను. స్కోరు బొత్తిగా తెలియకుండా ఆడటం కూడా అన్ని వేళలా మంచిది కాదు. 1999 లో కార్నూస్టీలో జాన్ వాన్ డ వెల్డ్ చివరి హోల్‌కు మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చారు. ఆరు కొట్టినా ఓపెన్ ఆయనదే. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీశారు, కుడికి పోయినా బతికిపోయారు. రెండో షాట్ టూ ఐరన్‌తో గ్రీన్ మీదకు కొట్టబోతే ప్రేక్షకుల స్టాండుకు తగిలి వెనక్కొచ్చి రఫ్ అనే దట్టమైన గడ్డిలో పడింది. అక్కడి నుంచి వాగులోకి. బూట్లు విప్పి నీళ్లలోకి దిగి, చివరికి పెనాల్టీ తీసుకుని, తర్వాత బంకర్లో పడి ఏడు కొట్టారు. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచారు.

దీన్ని ఒత్తిడికి లొంగిపోవడం అంటారు చాలామంది. నాకు అలా అనిపించదు. ఆ చివరి పుట్ ఏడడుగుల దాకా ఉంటుంది, దాన్ని నేరుగా వేశారు. లొంగిపోయిన మనిషి అది వేయలేడు. లోపం ఉన్నది టీ మీద, రఫ్ పక్కన తీసుకున్న నిర్ణయాల్లో. పొట్టి క్లబ్బులతో మూడు షాట్లలో గ్రీన్ చేరే దారి ఆయనకు తెరిచే ఉంది. అందుకని నా సలహా: కష్టమైన హోల్స్‌కు నిర్ణయం ఇంట్లోనే తీసుకోండి. పద్నాలుగో హోల్‌లో డ్రైవర్ తీయను అని ముందు రోజే రాసుకుంటే, ఆ క్షణాన స్కోరు ఎంతున్నా చర్చ ఉండదు.

---

మూడడుగులు

ఇక్కడ అడగొచ్చో లేదో. నాకు భయం అనిపించదు, టెన్షన్ కూడా లేదు. కానీ పొట్టి పుట్‌లలో కుడి చేయి దానంతటదే కుదుపుతుంది. ఒంటరిగా ఆడుతున్నప్పుడు కూడా వస్తోంది. ఊపిరి, రొటీన్ అన్నీ చేసి చూశాను.

---

వెన్నెల_18

తప్పకుండా అడగొచ్చండీ. మీరు చెప్పేది యిప్స్‌లా ఉంది, దాన్ని మామూలు టెన్షన్‌తో కలిపేయకూడదు. కొందరిలో ఇది ఆందోళన వల్ల, కొందరిలో ఒకే సున్నితమైన కదలికను ఏళ్ల తరబడి చేయడం వల్ల నాడీ వ్యవస్థలో వచ్చే మార్పు వల్ల, కొందరిలో రెండూ కలిసి వస్తాయని వైద్య పరిశోధకులు చెబుతారు. సంగీత వాద్యకారుల వేళ్లకూ, ఎక్కువగా రాసేవారి చేతికీ ఇలాంటిదే వస్తుంది. కాబట్టి మీ మనసు బలహీనమని దయచేసి అనుకోకండి.

బెర్న్‌హార్డ్ లాంగర్‌ను చూసి ధైర్యం తెచ్చుకోండి. ఒకసారి కాదు, పలుసార్లు యిప్స్ వచ్చాయి ఆయనకు. ప్రతిసారీ పట్టు మార్చారు. ఎడమ చేయి కిందకు పెట్టారు, పుట్టర్‌ను ముంజేతికి ఆనించి కుడి చేత్తో పట్టుకున్నారు, తర్వాత పొడవాటి పుట్టర్‌కు వెళ్లారు. 1985 లో, 1993 లో మాస్టర్స్ గెలిచారు. సీనియర్ల టూర్‌లో అరవై దాటాక కూడా గెలుస్తూ వచ్చారు. పుట్టర్‌ను ఛాతీకో పొట్టకో ఆనించి కొట్టడాన్ని 2016 నుంచి నిషేధించారు కానీ, ఆనించకుండా పొడవాటి పుట్టర్ వాడుకోవచ్చు.

దీనికి సంకల్పబలం కన్నా కదలికను మార్చడమే ఎక్కువ పనిచేస్తుంది. పాత కదలిక మొదలవగానే కుదుపు వస్తుంది, అందుకని చేతికి కొత్త పని ఇవ్వాలి. కుడి చేతిని క్లా పట్టులోకి (గుప్పిట్లో కాక వేళ్ల మధ్య పట్టుకోవడం) మార్చండి, లేదా మందమైన గ్రిప్ వేయించండి. బంతిని వదిలి హోల్‌ను చూస్తూ కొట్టడం ఇంకో దారి. జోర్డన్ స్పీత్ మంచి ఫామ్‌లో ఉన్న రోజుల్లో పొట్టి పుట్‌లు అలాగే వేసేవారు. నేను పైన చెప్పిన చుక్క పద్ధతి మీకు పనికిరాకపోవచ్చు, దాన్ని పక్కన పెట్టేయండి. వేరే పనుల్లో కూడా చేయి ఇలా కుదుపుతుంటే మాత్రం నరాల డాక్టరును కలవండి.

---

మూడడుగులు

మనసు బలహీనం కాదన్న మాట ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూస్తున్నాను. ధన్యవాదాలండీ. క్లా పట్టుతో మొదలుపెడతాను.

---

కొత్తగడ్డి

ఊపిరి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అది నిజంగా పనిచేస్తుందా?

---

గాలివాటం

చేస్తుంది, సరైన సమయంలో చేస్తే. వదిలే శ్వాస పీల్చే శ్వాస కన్నా పొడుగ్గా ఉండాలి, నాలుగు అంకెలు పీల్చి ఆరేడు అంకెలు వదలండి. గుండె వేగం వదిలేటప్పుడు తగ్గుతుంది. గీత వెనక నిలబడి రెండుసార్లు చేస్తే చాలు. బంతి మీద నిలబడ్డాక మొదలుపెడితే అదే ఇంకో ఆలోచన అయి కూర్చుంటుంది. పట్టు ఎంత గట్టిగా ఉందో కూడా అప్పుడే చూసుకోండి. పదికి పది అంటే పిండేయడం, నాలుగు దగ్గర ఉంచండి. మొదటి టీ మీద గుండె కొట్టుకుంటే దాన్ని ఆపాలని చూడకండి. ఆ ఉరవడిలో బంతి మామూలు కన్నా దూరం పోవచ్చు, క్లబ్ ఎంచుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

---

పాత_ఐరన్

తొలి_టీ గారూ, ఇవన్నీ నేరుగా కోర్సులో ప్రయత్నిస్తే పనిచేయవు. రేంజ్‌లోనే అలవాటు చేసుకోవాలి. బకెట్‌లో చివరి ఇరవై బంతులు పక్కన పెట్టండి. వాటితో మీరు ఆడే కోర్సు మొదటి హోల్ నుంచి ఆడండి. డ్రైవర్ కొట్టండి, అది ఎక్కడ పడేదో ఊహించి మిగిలిన దూరానికి తగిన ఐరన్ తీయండి. ఒకే క్లబ్ వరుసగా రెండుసార్లు పట్టుకోవద్దు. ప్రతి బంతికీ గీత, గురి, ఊహ అన్నీ ఉండాలి. అలా ఇరవై బంతులు కొట్టడానికి అరగంట పడుతుంది, చివరికి తల అలిసిపోతుంది. అలిసిందంటే సరైన పనే చేస్తున్నారు.

పుట్టింగ్ గ్రీన్ మీద ఒక్క బంతితోనే ఆడండి. మూడు బంతులుంటే మొదటిదానికి విలువుండదు. హోల్ చుట్టూ మూడడుగుల దూరంలో వరుసగా పది వేసేదాకా ఇంటికి వెళ్లనని పెట్టుకుంటే తొమ్మిదో పుట్ దగ్గర చేతులు ఎలా ఉంటాయో మీకే తెలుస్తుంది. కోర్సులో కావలసిన ఒత్తిడి అక్కడ ఉచితంగా దొరుకుతుంది.

ఇంకొకటి. రౌండ్ అయ్యాక స్కోరు పక్కన రెండో అంకె రాయండి. ఎన్ని షాట్లు స్పష్టమైన నిర్ణయంతో, అనుమానం లేకుండా కొట్టానన్నది. బంతి ఎక్కడికి పోయిందన్నది దీనికి సంబంధం లేదు. స్కోరులో గాలి ఉంటుంది, బంతి చెట్టుకు తగిలి ఎటు దొర్లిందో అదీ ఉంటుంది. ఈ రెండో అంకె పూర్తిగా మీ చేతిలోనిది. కొన్ని నెలలు రాస్తూ పోతే ఎక్కడ మనసు జారుతోందో దొరికిపోతుంది. కొందరికి వరుసగా నాలుగు ఐదు హోల్స్ బాగా ఆడాక, కొందరికి ఆలస్యమై ముందున్న గ్రూపు కోసం ఆగినప్పుడు.

---

తొలి_టీ

ఆ ఆగడమే నాకూ ఇబ్బంది. టీ మీద పది నిమిషాలు నిలబడితే వేడి చల్లారిపోతుంది, ఆ సేపంతా నీళ్లనే చూస్తూ ఉంటాను.

---

నిదానం

ఆగాల్సి వస్తే నీళ్లకు వీపు పెట్టి నిలబడండి. డ్రైవర్ చేతిలో పట్టుకుని ఉండకండి, బ్యాగులోనే ఉంచండి. ముందున్న గ్రూపు గ్రీన్ మీద జెండా తిరిగి పెట్టేటప్పుడు క్లబ్ తీసి, రెండుసార్లు ఖాళీగా ఊపి, అక్కడి నుంచి మీ రొటీన్ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఆగకముందు తీసుకున్న నిర్ణయాన్ని మళ్లీ ఒకసారి చూసుకోండి, ఆ పది నిమిషాల్లో గాలి మారి ఉండొచ్చు.